నేల తడిగానే ఉంది, పత్తికి మాత్రం దాహం: చౌడు నేలల సలహాలు రాసేవారికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఈ లేఖ ముగ్గురికి రాస్తున్నాం: చౌడు నేలల్లో పత్తికి తడుల సలహా పత్రాలు తయారుచేసేవారికి, మట్టి పరీక్ష చేసి కార్డు మీద అంకె వేసేవారికి, కాలువ నీటికి వంతులు కట్టేవారికి. మీ ముగ్గురి పనీ చివరికి ఒకే మొక్క వేరు దగ్గరికి చేరుతుంది. ఆ వేరు ఉప్పు మట్టిలోంచి నీళ్లు ఎలా లాక్కుంటుందన్న లెక్క మాత్రం మీ కాగితాల్లో తరచూ కనబడడం లేదు. నష్టం అక్కడే మొదలవుతోంది.

సలహా పత్రాల్లో మామూలుగా ఉండే మాట "పత్తి చౌడును తట్టుకుంటుంది, ఇ.సి. 7.7 దాకా భయం లేదు" అని. ఇ.సి. అంటే విద్యుత్ వాహకత, నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత. ఆ సలహా అబద్ధం కాదు గానీ సగం మాట. ఆ అంకె 1977లో మాస్, హాఫ్‌మన్ ప్రచురించిన పంటల పట్టికలోది. వేళ్లు పాకిన మట్టి మొత్తానికి, పంటకాలం పొడవునా సగటు తీసి, మట్టిని నీటితో ముద్ద చేసి అందులోంచి పిండిన నీటిలో కొలిచిన ఇ.సి. మీటరుకు 7.7 డెసిసైమన్లు. అక్కడి నుంచి ఒక్కో డెసిసైమన్ పెరిగేకొద్దీ దిగుబడి 5.2 శాతం చొప్పున పడిపోతుంది. 10 దగ్గర సుమారు 12 శాతం పోతుంది, 17 దగ్గర దాదాపు సగమే మిగులుతుంది. పైగా ఇదంతా నిలదొక్కుకున్న మొక్క లెక్క. మొలక దశలో పత్తి ఇంత గట్టిది కాదు. మొలకకు వేరు మండలం సగటుతో పనిలేదు, గింజ చుట్టూ ఉన్న పై 5 సెంటీమీటర్ల మట్టే దాని లోకం. నీళ్లు ఆవిరైపోయి ఉప్పు పేరుకునేది కూడా సరిగ్గా అక్కడే. 15 సెంటీమీటర్ల లోతు దాకా తవ్వి కలిపేసిన నమూనాలో ఈ పొర కనబడకుండా పోతుంది.

పరీక్షా కేంద్రాలవారికి ఒక మాట. కార్డు మీద "ఇ.సి. 1.2, సాధారణం" అని ఉంటుంది. ఏ పద్ధతిలో కొలిచినది? ఒక వంతు మట్టికి ఐదు వంతుల నీళ్లు కలిపి కొలిచినదైతే, దాన్ని ముద్ద పద్ధతి అంకెగా మార్చడానికి బరువు బంక నేలలో సుమారు 6తో, గరప నేలలో 9.5 దగ్గరి అంకెతో, ఇసుక నేలలో 14 దగ్గరి అంకెతో గుణించాలి. అంటే అదే 1.2 బంక నేలలో 7 చిల్లర, గరపలో 11 దాటుతుంది, ఇసుకలో 17కు చేరువవుతుంది. మొదటి రైతు పంట తీస్తాడు, మూడో రైతుకు సగం పోతుంది, కార్డు మాత్రం ఇద్దరికీ ఒకటే. అంకె పక్కన పద్ధతి, నమూనా లోతు, మట్టి రకం అచ్చువేయడానికి ఒక్క వరస చాలు. సహజంగా జిప్సం (కాల్షియం ఉండే ఖనిజం) ఉన్న నేలల్లో ఇంకో చిక్కుంది. ఎక్కువ నీళ్లు పోసేసరికి పొలంలో కరగని జిప్సం కూడా పరీక్ష గాజులో కరిగి అంకెను ఉన్నదానికన్నా పెంచి చూపిస్తుంది. అలాంటి నేలలకు ముద్ద పద్ధతే వాడండి.

ఇక అసలు సంగతి. మట్టి నీటిని పట్టి ఉంచే బిగువును బార్లలో (ఒత్తిడి కొలమానం) లెక్కిస్తాం. ఉప్పులేని నేలకు తడి పెట్టి, అదనపు నీరు దిగిపోయాక ఆ బిగువు బార్‌లో మూడో వంతు కూడా ఉండదు. అందుబాటులో ఉన్న పదునులో సగం అయిపోయినా ఒక బార్ అటూ ఇటూగా ఉంటుంది. ఉప్పు కలిస్తే దీనికి ఇంకో లాగుడు తోడవుతుంది. కరిగిన ఉప్పు డెసిసైమన్‌కు సుమారు 0.36 బార్ చొప్పున నీటిని తనవైపు బిగబట్టుకుంటుంది. ముద్ద పద్ధతిలో ఇ.సి. 8 ఉన్న నేల తీసుకోండి. ముద్దగా ఉన్నప్పుడు 2.9 బార్లు. పొలంలో నీళ్లు దిగిపోయాక మట్టిలో మిగిలేది ముద్దలోని నీటిలో సుమారు సగం, ఉప్పు మాత్రం అంతే ఉంటుంది కాబట్టి చిక్కదనం రెట్టింపై 5.8 బార్లు. పదునులో సగం వాడుకునేసరికి ఉప్పు లాగుడు ఒక్కటే 7.7 దాకా పోతుంది, మట్టి బిగువు దానికి అదనం. నిన్ననే తడి పెట్టిన పాలచౌడులో (కరిగే ఉప్పు పేరుకున్న నేలలో) పత్తి పడే పాటు, మంచి నేలలో పదును సగం తగ్గాక పత్తి పడే పాటుకన్నా ఎక్కువన్నమాట. "పదును సగం తగ్గాక తడి పెట్టండి" అన్న సూత్రాన్ని మంచి నేల నుంచి ఎత్తుకొచ్చి చౌడుకు అతికించకూడదని అంటున్నది ఇందుకే. మంచి నేలలో పత్తికి 65 శాతం పదును తగ్గేదాకా ఆగవచ్చని అంతర్జాతీయ పట్టికలు చెబుతాయి. ఇ.సి. 8 దగ్గర 35 లేదా 40 శాతం దగ్గరే తడి పెట్టాలన్నది మా అభిప్రాయం.

ఇక్కడే పరికరాల సంగతి కూడా చెప్పాలి. ఈ మధ్య సలహా పత్రాల్లో టెన్షియోమీటర్ (మట్టి బిగువును కొలిచే గొట్టం) చూసి తడి పెట్టమంటున్నారు. మంచి నేలలో అది చక్కని పనిముట్టు, చౌడులో మాత్రం రైతును తప్పుదోవ పట్టిస్తుంది. గొట్టం కొసన ఉండే పింగాణీ కప్పు సన్నరంధ్రాల్లోంచి నీళ్లతోపాటు ఉప్పు కూడా అటూ ఇటూ పోతుంది. కప్పు లోపలా బయటా ఉప్పు సమానమయ్యేసరికి దానికి ఉప్పు లాగుడు తెలియనే తెలియదు. వేరు పొర అలాంటిది కాదు. నీటిని రానిస్తుంది, ఉప్పును చాలావరకు ఆపుతుంది, అందుకే ఆ లాగుడంతా వేరు మోయాల్సి వస్తుంది. ముల్లు "తడిగా ఉంది" అంటుంటే మొక్క 6 బార్లతో పెనుగులాడుతూ ఉంటుంది. మట్టిలో పాతి విద్యుత్ నిరోధాన్ని బట్టి తడి కొలిచే జిప్సం బ్లాకులది ఇంకో తీరు. దాని లోపల కరిగిన జిప్సం దాదాపు 2 డెసిసైమన్ల ద్రావణాన్ని నిలిపి ఉంచుతుంది. చుట్టూ మట్టి నీటిలో ఉప్పు అంతకు మించితే విద్యుత్ నిరోధం పడిపోయి, ఎండిన మట్టిని కూడా తడిమట్టిగా చూపిస్తుంది. కెపాసిటెన్స్ సెన్సర్లు కూడా ఉప్పు ఎక్కువైతే అదే వైపు తప్పుతాయి. పక్కన ఇ.సి. కొలత లేకుండా వీటిలో దేన్నీ చౌడుకు సిఫారసు చేయవద్దు.

మరి ఇంత బిగువు మీద పత్తి ఎలా బతుకుతోంది? ఆకులో నీటి బిగువు మట్టిలోని దానికన్నా ఎక్కువుంటేనే నీరు పైకి పోతుంది. అందుకని కణాల్లో కరిగిన పదార్థం పెంచుకోవాలి. అందుకు చవకగా దొరికే సరుకు చుట్టూ ఉన్న సోడియం, క్లోరైడే. పత్తి వాటిని పూర్తిగా బయటే ఆపే రకం కాదు. లోపలికి రానిచ్చి, ఆకు కణం మధ్యనుండే రిక్తికలోకి పంపుచేసి తాళం వేస్తుంది. ఎంజైములు పనిచేసే కణద్రవ్యంలోకి ఉప్పు చేరకూడదు, అక్కడ సరితూకానికి పొటాషియం, గ్లైసిన్ బీటైన్, ప్రోలిన్ వంటివి నింపుకుంటుంది. పంపు నడవడానికీ, ఆ పదార్థాలు తయారుకావడానికీ ఖర్చయ్యేది కాయకు పోవాల్సిన పిండిపదార్థమే. "తట్టుకుంటుంది" అన్న మాట వెనక ఈ బిల్లు ఉంది.

వేరులో ఇంకో మార్పు జరుగుతుంది. వేరు లోపలి గొట్టాల చుట్టూ కాస్పేరియన్ పట్టీ అనే మైనపు అడ్డుకట్ట ఉంటుంది. ఉప్పు తగిలిన పత్తి మొలకల్లో అది వేరు కొసకు మరింత దగ్గరగా ఏర్పడుతుంది, వేరు బయటి పొర కింద ఇంకో అడ్డుకట్ట కూడా లేస్తుంది. ఉప్పుకు వేసిన ఈ తలుపు నీటికీ కొంత అడ్డమే. కణపొరల్లో నీరు పోయే సన్నదారులైన ఆక్వాపోరిన్ల సంఖ్య, పని కూడా తగ్గుతాయి. మట్టిలో నీరు బిగుసుకుని ఉండగా దారి కూడా ఇరుకైతే, మధ్యాహ్నం ఆకు అడిగినంత నీరు కింద నుంచి అందదు. పత్రరంధ్రాలు సగం మూసుకుంటాయి, ఆకు వేడెక్కుతుంది.

అయితే ఈ మొక్క వెంటనే వాడదు. కణాల్లో ఉప్పు నింపుకుంది కాబట్టి బిర్రుగానే నిలబడుతుంది. మధ్యాహ్నం ఆకులు వేలాడడమే గుర్తు అనుకుని కూర్చుంటే వారం ఆలస్యమైనట్టే. ముందు ఆగిపోయేది ఆకు ఎదుగుదల. ఆకులు చిన్నవిగా, మందంగా, నీలిమ కలిసిన ముదురు ఆకుపచ్చలో ఉంటాయి, కణుపుల మధ్య దూరం తగ్గుతుంది. ఈ ముదురు రంగు చూసి "నత్రజని బాగా అందింది" అని రాసిన నివేదికలు మీ దస్త్రాల్లో ఉంటే మళ్లీ ఒకసారి చూడండి. రైతు తేలిగ్గా చేయగల కొలత ఒకటుంది. పూత మొదలయ్యాక పది మొక్కల్లో, కొమ్మ మొదటి స్థానంలో పూసిన పై తెల్ల పువ్వు నుంచి చిటారున విప్పుకున్న ఆకు దాకా కణుపులు లెక్కపెట్టడం. తొలి పూత నాటికి 8 నుంచి 10 ఉంటే మొక్కకు నీరు అందుతోంది. అది 5కు దిగితే కొత్త పూత ఆగిపోయే దశ వచ్చినట్టు. చౌడులో ఈ 5 తొందరగా వచ్చేస్తుంది. ప్రెజర్ ఛాంబర్ (ఆకులో నీటి బిగువు కొలిచే పరికరం) ఉన్నచోట తెల్లవారకముందే ఆకు కొలవండి. తడి పెట్టిన మర్నాడు కూడా బిగువు కిందికి రాకపోతే కొరత నీటిది కాదు, ఉప్పుది. ఇంకో తడి కుమ్మరిస్తే అది తీరదు.

కుమ్మరిస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే చౌడు పత్తిని చంపేది ఎక్కువగా ఇదే. నీరు నిలిచిన మట్టిలో ఒకటి రెండు రోజుల్లో గాలి అయిపోతుంది. గాలి లేని వేరుకు సోడియాన్ని బయటికి నెట్టే శక్తి ఉండదు, తలుపులు తెరుచుకున్నట్టే. ఆకుల్లో సోడియం, క్లోరైడ్ ఒక్కసారిగా పెరుగుతాయి. మబ్బు తొలగి ఎండ కాసిన రోజున ఆకు అంచులు మాడతాయి. దాన్ని తెగులనుకుని మందు కొడతారు. నీరు నిలిచిన 24 గంటల్లోపు మురుగు కాలువలోకి తీసేయడం ఏ మందుకన్నా ముందు చేయాల్సిన పని.

వంతులు కట్టేవారు గమనించాల్సిన మెలిక ఇక్కడుంది. చౌడులో పత్తి చిన్నగా పెరుగుతుంది, ఆకు తక్కువ, కాబట్టి వాడే నీరూ తక్కువే. మంచి నేల లెక్కన నిండు తడి ఇస్తే మిగిలింది కిందికి దిగి భూగర్భ జలాన్ని పైకి తెస్తుంది, అది ఆవిరవుతూ మళ్లీ ఉప్పునే తెచ్చిపెడుతుంది. కావాల్సింది చిన్న తడులు, దగ్గర దగ్గరగా. 20 రోజులకొకసారి 100 మిల్లీమీటర్ల వంతు కన్నా 10 రోజులకొకసారి 50 మేలు. వంతు విడదీయడం మీకు ఇబ్బందే, తెలుసు. కనీసం గూడ (పూమొగ్గ) నుంచి కాయ ఊరే దాకానైనా ఈ పద్ధతి పాటించండి. పువ్వు విచ్చిన తర్వాత సుమారు 20 రోజులపాటు దూదిపోగు పొడవు సాగుతుంది. ఆ పోగు ఒకే ఒక్క కణం, లోపలి నీటి ఒత్తిడితోనే సాగుతుంది. అప్పుడు నీరు బిగుసుకుంటే కాయలు నిలిచినా పింజ పొట్టిదవుతుంది.

ఉప్పు కడగడానికి "రెట్టింపు నీరు పెట్టండి" అని ఉండే సలహా తీసేయండి. లెక్క ఇదీ: తడి నీటి ఇ.సి. 4, నేలలో ఉండనివ్వదగ్గ ఇ.సి. 7.7 అనుకుంటే, 4ను (5 × 7.7 − 4)తో భాగిస్తే 0.116 వస్తుంది. పంటకు 50 మిల్లీమీటర్లు కావాలంటే 57 పెడితే చాలు. అదనం 7 మిల్లీమీటర్లు మాత్రమే. అయితే ఆ నీరు తెచ్చే ఉప్పును తేలిగ్గా తీసుకోకూడదు. ఇ.సి. 4 అంటే లీటరుకు సుమారు రెండున్నర గ్రాములు. 50 మిల్లీమీటర్ల ఒక్క తడికి హెక్టారులో దాదాపు 1,280 కిలోల ఉప్పు పోసినట్టు. కిందికి పోవడానికి దారి లేకపోతే అది అక్కడే ఉంటుంది. పెద్ద ఎత్తున కడగడం విత్తే ముందో, పంట తీశాకో చేసుకోవాలి. పంట మధ్యలో ఆ పని పెట్టుకుంటే పైన చెప్పిన నీరు నిలిచే ముప్పు వస్తుంది. మురుగు దారి ఉన్నచోట 30 సెంటీమీటర్ల మట్టిలోంచి 15 సెంటీమీటర్ల నీరు పోతే సుమారు సగం ఉప్పు, 30 సెంటీమీటర్లు పోతే నాలుగింట మూడు వంతులు, ఆపైన కూడా దిగిపోతుంది. బీటలు వారే బంక నేలల్లో నీరంతా బీటల్లోంచి జారిపోయి గడ్డల్లోని ఉప్పు అలాగే ఉంటుంది కాబట్టి ఒకేసారి నింపకుండా విడతలుగా పెట్టాలి.

మంచి నీరు కొంచెం, ఉప్పు నీరు ఎక్కువ ఉన్నచోట రెండూ కలిపేయమనే సలహా మాకు నచ్చదు. కలిపితే ఉన్న మంచి నీరు కూడా పాడవుతుంది. మంచి నీరు విత్తే ముందు తడికీ, మొలకకూ, గూడ వచ్చేదాకా వాడి, ఆ తర్వాత ఉప్పు నీటికి మారడం మేలు. కాబట్టి కాలువ మొదటి వంతు విత్తే వేళకు అందాలి.

గింజ ఎక్కడ పడుతుందన్నది ఇంకో పెద్ద విషయం. బోదెకు రెండు పక్కలా కాలువల్లో నీరు పెడితే, తడి రెండు వైపుల నుంచీ ఎక్కి బోదె నడినెత్తిన కలుస్తుంది. ఉప్పంతా అక్కడే దిగబడుతుంది. తెల్లగా పొడి పట్టే చోటు అదే. విత్తనం కూడా అక్కడే పెట్టించే బొమ్మలు సలహా పత్రాల్లో ఇప్పటికీ ఉన్నాయి. గింజను బోదె భుజాన, నీటి గీతకు కాస్త పైన పెట్టాలి. అప్పుడు తడి గింజను దాటుకుంటూ ఉప్పును నెత్తికి తోసేస్తుంది. వెడల్పు బోదె అయితే రెండు భుజాల మీద రెండు సాళ్లు. ఇంకా మంచి పద్ధతి కాలువ వదిలి కాలువకు, ఎప్పుడూ అదే కాలువకు నీరు పెట్టి, మొక్కను ఆ తడి వైపు ఉంచడం. ఉప్పు పొడి కాలువ వైపు జరుగుతుంది.

ఇది కేవలం మొలక కోసం చెప్పే చిట్కా కాదు. పత్తి వేళ్లను రెండుగా చీల్చి ఒక సగాన్ని ఉప్పులో, ఇంకో సగాన్ని ఉప్పు లేని చోట పెంచిన ప్రయోగాల్లో, మొక్క తన నీటిలో ఎక్కువ భాగాన్ని ఉప్పు లేని వైపు నుంచే తీసుకుంది. పైకి వచ్చేసిన సోడియాన్ని కొంత ఆహార నాళాల గుండా ఆ వైపు వేళ్లకే దింపి మట్టిలోకి వదిలేసింది కూడా. అంటే పొలమంతా సగటు తగ్గించలేకపోయినా, ప్రతి మొక్కకూ ఒక పక్క ఉప్పు తక్కువ చోటు ఇవ్వగలిగితే అది తనను తాను కాపాడుకుంటుంది. సలహాలో రాయాల్సిన ఒక్క మాట ఎంచుకోమంటే మేం ఇదే ఎంచుకుంటాం.

డ్రిప్‌లో ఈ చోటు దానంతటదే ఏర్పడుతుంది. బిందువు కింద గుండ్రంగా ఉప్పు తక్కువ మట్టి, దాని అంచున ఉప్పు వలయం. చిక్కల్లా రెండు సందర్భాల్లోనే. ఒకటి, వచ్చే ఏడు దున్ని పైపులు పక్కకు జరిపి పరిస్తే విత్తనం నేరుగా పాత ఉప్పు పట్టీలో పడుతుంది. రెండోది వాన. చిరుజల్లు పడగానే మోటారు కట్టేస్తారు. ఆ జల్లు పైన పేరుకున్న ఉప్పును కరిగించి లోపలికి, సరిగ్గా వేళ్ల మీదికి దింపుతుంది. నేలంతా బాగా నానే వాన అయితే ఉప్పు ఇంకా కిందికి పోతుంది గానీ, 5 లేదా 10 మిల్లీమీటర్ల జల్లుకు పోదు. వాన పడుతున్నంతసేపూ డ్రిప్ నడవనివ్వమని రాయండి. వినడానికి వింతగానే ఉంటుంది, కారణం కూడా పక్కనే రాస్తే పాటిస్తారు.

ఇదంతా పాలచౌడు గురించి. ఉదజని సూచిక 8.5 దాటి, మట్టి పట్టి ఉంచిన కాటయాన్లలో (ధనావేశ అయాన్లలో) సోడియం వాటా 15 శాతం మించిన కారుచౌడులో వరస మారుతుంది. అక్కడ ముందు జిప్సం, తర్వాత నీరు. జిప్సం లేకుండా మంచి నీటితో కడిగితే మట్టి రేణువులు విడిపోయి నేల మూసుకుపోతుంది. పై 15 సెంటీమీటర్లలో 100 గ్రాముల మట్టికి ఒక మిల్లీఈక్వివలెంట్ సోడియం తీయడానికి హెక్టారుకు సుమారు 1.9 టన్నుల స్వచ్ఛమైన జిప్సం కావాలి. పాలచౌడుకు బస్తాల లెక్కన జిప్సం రాసే ముందు మట్టి నీటిలో కాల్షియం ఎంతుందో చూడండి. సోడియం మరీ ఎక్కువై వేరు కణపొర మీద కాల్షియాన్ని తోసేస్తే, ఆ పొర సోడియాన్నీ పొటాషియాన్నీ వేరు చేయలేకపోతుంది. అప్పుడు పాలచౌడులోనూ కాల్షియం పనికొస్తుంది. మామూలుగా సరిపడా ఉంటే ఇంకా వేసి ప్రయోజనం లేదు. కార్డు మీద సోడియం, కాల్షియం రెండూ విడివిడిగా ఇస్తేనే ఇది తేలుతుంది.

పంట తీశాక నమూనాలు తీయించేటప్పుడు ఒకే గుంతలోంచి తీసి కలిపేయకండి. బోదె నెత్తిన ఒకటి, భుజాన ఒకటి, కాలువ అడుగున ఒకటి తీయించండి. ప్రతి చోటా 0–5, 5–15, 15–30, 30–60, 60–90 సెంటీమీటర్లు వేర్వేరు సంచుల్లో, వేర్వేరు చీటీలతో వేయించండి. 15 సంచులవుతాయి, పనివాళ్లు విసుక్కుంటారు. నెత్తి సంచుల్లో అంకె పెద్దదిగా, భుజం సంచుల్లో చిన్నదిగా వస్తే ఆ ఏడాది నీరు సరైన దారిలోనే పోయినట్టు. అన్నిట్లోనూ లోతుకు పోయేకొద్దీ తగ్గుతూ వస్తే ఉప్పు కింది నుంచి పైకి ఎక్కుతోందని అర్థం. అలాంటి పొలానికి వచ్చే ఏటి తడుల పట్టిక రాసే ముందు మురుగు కాలువ లోతు కొలిపించండి.

ఇట్లు,
చౌడు నేలల్లో పత్తి నీటి లెక్కలు చూసేవాళ్లం